మీ దుకాణానికి సొంత జింగిల్: పేరులోంచి బాణీ పుట్టించడం నుంచి ఎఫ్‌ఎంలో మోగించే దాకా

ఊళ్లో కొత్త దుకాణం పెట్టినవాళ్లు రేడియో ప్రకటన గురించి మాట్లాడటానికి వస్తే, నూటికి తొంభై మంది మొదట అడిగేది ఒకటే: "ఏ హిట్ పాట పెడదాం?" పాట హిట్టయితే ప్రకటన కూడా హిట్టవుతుందని వాళ్ల నమ్మకం. నేను దీనితో ఒప్పుకోను. హిట్ పాట విన్నవాడికి ఆ సినిమా, ఆ హీరో గుర్తొస్తారు. మీ దుకాణం గుర్తురాదు. చిన్న వ్యాపారానికి కావాల్సింది ఊరంతా నోట్లో ఆడించుకోగల సొంత బాణీ, అదీ మీ పేరులోంచే పుట్టిన బాణీ. అలాంటి చిన్న ప్రకటన పాటనే జింగిల్ అంటారు. అది ఎలా కట్టాలో, ఎలా రికార్డు చేయించాలో, కాగితాల మీద ఏం రాయించుకోవాలో వరసగా చెప్తాను. సంగీతం రాని యజమాని కూడా ఇది చదివి స్టూడియోలో ధైర్యంగా మాట్లాడగలగాలి.

చెప్పేది తేలికగా అర్థం కావడానికి ఒక ఊహా దుకాణం పెట్టుకుందాం. పేరు "వాకిలి గానుగ నూనె". గానుగలో ఆడించిన నూనెలు అమ్ముతారు. 30 సెకన్ల ఎఫ్‌ఎం ప్రకటన కావాలి.

1. సంగీతానికి ఏ పని అప్పజెబుతున్నారో ముందు తేల్చుకోండి

ప్రకటనలో సంగీతం చేయగల పనులు ప్రధానంగా మూడు. ఒకటి, పేరును నోటికి అంటించడం. నిర్మా పౌడర్ పాట ఇందుకే ఉంది. దశాబ్దాలు గడిచినా ఆ బాణీ ఎత్తుకుంటే పేరు దానంతటదే వస్తుంది. రెండు, మాటలు లేకుండా ఒక భావం కలిగించడం. టైటాన్ వాచీల ప్రకటనల్లో వినిపించేది పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ 1773లో రాసిన 25వ సింఫనీ (వాద్యబృందం వాయించే పెద్ద రచన). ఏళ్ల తరబడి వదలకుండా వాడటంతో మన దేశంలో చాలామందికి అది "టైటాన్ మ్యూజిక్" అయిపోయింది. మూడు, ముద్ర వేయడం. రెండు మూడు సెకన్లలో ముగిసే చిన్న స్వరం. బ్రిటానియా గంటల శబ్దం, ఇంటెల్ కంప్యూటర్ చిప్ ప్రకటనల చివర 1994 నుంచి మోగుతున్న స్వరం ఈ కోవలోవి.

కొత్త దుకాణానికి మొదటి పనే ముఖ్యం. మీ పేరే ఎవరికీ తెలియనప్పుడు భావం కలిగించి లాభం లేదు. అందుకే ఈ గైడ్ ఎక్కువ భాగం పేరు చుట్టూనే తిరుగుతుంది.

సంగీతం బాగుంటే సరుకు అమ్ముడైపోతుందని ఎవరైనా చెబితే కాస్త ఆగండి. ఈ విషయంలో అందరూ ఎత్తి చూపే పరిశోధన ఒకటుంది. జెరాల్డ్ గోర్న్ అనే పరిశోధకుడు 1982లో ప్రచురించాడు. విద్యార్థులకు పెన్ను బొమ్మ చూపిస్తూ ఒక జట్టుకు నచ్చే సంగీతం, ఇంకో జట్టుకు నచ్చని సంగీతం వినిపించాడు. తర్వాత పెన్ను తీసుకోమంటే, నచ్చే సంగీతం విన్నవాళ్లలో 79 శాతం మంది బొమ్మలో చూసిన రంగు పెన్నే తీసుకున్నారు. నచ్చనిది విన్నవాళ్లలో 30 శాతమే. ఇందులో మనం పట్టుకోవాల్సిన సంగతి వేరే ఉంది. ఆ విద్యార్థులకు "నచ్చని సంగీతం"గా వినిపించింది భారతీయ శాస్త్రీయ సంగీతం! అదే సంగీతం మన దగ్గర పట్టుచీరల ప్రకటనకు ప్రాణం పోస్తుంది. 1989లో కెల్లారిస్, కాక్స్ అనే ఇద్దరు ఇలాంటి ప్రయోగమే మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి "మంచి సంగీతం" అని విడిగా ఏదీ లేదు. ఎవరు వింటారో వాళ్లకు సరిపోయేదే మంచిది.

అందుకని ఒక కాగితం తీసుకుని రెండు సంగతులు రాయండి: వినేవాళ్లు ఎవరు, ఎక్కడ వింటారు. పొద్దున్నే వంటింట్లో రేడియో పెట్టుకునేవాళ్లా, ఆఫీసుకు కార్లో వెళ్లేవాళ్లా, వీధిలో మైకు ఆటో వింటూ నడిచేవాళ్లా? ఈ కాగితం స్టూడియోకి తీసుకెళ్లండి. తర్వాత ప్రతి నిర్ణయానికీ పనికొస్తుంది.

2. పేరును మాత్రల్లో కొలవండి

ఇక్కడే జింగిల్ నిలబడుతుంది, ఇక్కడే పడిపోతుంది. బడిలో ఛందస్సు చదివినప్పుడు నేర్చుకున్న లెక్కే. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. వెనక ద్విత్వమో సంయుక్తమో ఉంటే ముందున్న అక్షరానికి రెండు. సున్నా ఉన్నా రెండే.

వా-కి-లి: 2+1+1, మొత్తం 4.
గా-ను-గ: 2+1+1, మొత్తం 4.
నూ-నె: 2+1, మొత్తం 3.

నాలుగు, నాలుగు, మూడు. నూనెలో "నూ"ను ఒక మాత్ర సాగదీస్తే అది కూడా నాలుగవుతుంది. మొత్తం 12. తర్వాత ఇంకో 4 మాత్రలు వాయిద్యానికి వదిలేస్తే 16. ఆదితాళంలో దెబ్బకు రెండు మాత్రల చొప్పున సరిగ్గా 8 దెబ్బలు, అంటే ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు). పేరు తాళంలో దానంతటదే కూర్చుంది.

అన్ని పేర్లూ ఇంత సుఖంగా కుదరవు. కుదరనప్పుడు పాటించాల్సిన సూత్రం ఒకటే: సాగదీస్తే దీర్ఘాన్నే సాగదీయండి, హ్రస్వాన్ని ముట్టుకోకండి. "వాకిలి"లో "కి" మీద బాణీ ఆగిందా, వినేవాడికి "వాకీలి" అని వినిపిస్తుంది. "ను" మీద ఆగితే "గానూగ" అవుతుంది. తెలుగు చెవికి ఇది పంటికింద రాయిలా తగులుతుంది. హిందీ జింగిల్‌కు తెలుగు మాటలు అతికించినప్పుడు మనకు ఏదో కృతకంగా అనిపించడానికి ముఖ్య కారణం ఇదే. బాణీ హిందీ మాట నడకకు కట్టారు, మన మాట ఆ కొలతలో ఇమడక హ్రస్వాలు దీర్ఘాలైపోతాయి. పెద్ద కంపెనీలు డబ్బు పెట్టి పదే పదే వినిపించి ఆ లోపాన్ని కప్పేయగలవు. మీకు ఆ అవకాశం లేదు.

మాటను మధ్యలో విరగ్గొట్టడం కూడా అంతే. ఊపిరి తీసుకునే చోటు మాట అయిపోయిన చోటే రావాలి.

ఇప్పుడు పేరును మామూలుగా, ఇంట్లోవాళ్లను పిలిచినట్టు పైకి అనండి. గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ దిగుతోంది? ఫోన్లో రికార్డు చేసి వినండి. ఆ ఎత్తుపల్లాలే మీ బాణీకి మొదటి గీత. మోహన రాగం స్వరాల్లో మన పేరును ఇలా పెట్టవచ్చు:

వా (గ) కి (గ) లి (ప) | గా (ధ) ను (ధ) గ (ప) | నూ (గ, రి) నె (స)

"గానుగ" దగ్గర గొంతు పైకెక్కింది, ఎందుకంటే మిగతా నూనెల నుంచి మనల్ని వేరు చేసే మాట అదే. "నూ" మీద గాంధారం (గ) నుంచి రిషభానికి (రి) జారి, "నె" షడ్జమం (స) మీద వాలుతుంది. షడ్జమం మీద ముగిస్తే చెవికి "ఇంటికొచ్చాం" అనిపిస్తుంది. హార్మోనియం మీదో ఫోన్లో కీబోర్డు యాప్ మీదో వాయించి చూడండి. చిన్నపిల్లలు ఒకటి రెండుసార్లు విని పాడగలిగితే బాణీ కుదిరినట్టే. ఒక్క స్థాయి (స నుంచి పై స దాకా) దాటకుండా ఉంచండి. సంగీతం నేర్చినవాళ్లు మాత్రమే అందుకోగల బాణీ ఊళ్లోకి వెళ్లదు.

3. వేగం: 96 దగ్గర మొదలుపెట్టండి

ఎఫ్‌ఎం స్టేషన్లు రేటును 10 సెకన్ల చొప్పున లెక్కగడతాయి. ముందు 30 సెకన్లది వేసి, జనానికి అలవాటయ్యాక 20కో 10కో తగ్గించుకుని ఎక్కువసార్లు వేయించుకోవడం తెలివైన పని. ఇది చేయాలంటే పాట మూడు నిడివిల్లోనూ తాళం తెగకుండా ముగియాలి. చాలా స్టూడియోల్లో ఈ లెక్క ముందే చూసుకోరు. తర్వాత 30 సెకన్లదాన్ని ఎక్కడో కత్తిరించి 20 చేస్తారు, చరణం మధ్యలో తెగినట్టు వినిపిస్తుంది.

నిమిషానికి 96 దెబ్బల వేగం తీసుకోండి. ఒక్కో దెబ్బ 0.625 సెకన్లు. 8 దెబ్బల ఆవర్తనం సరిగ్గా 5 సెకన్లు. 10 సెకన్లకు 2 ఆవర్తనాలు, 20కి 4, 30కి 6. ఎక్కడా చిల్లర మిగలదు. బాగా హుషారు కావాలంటే 144 కూడా ఇలాగే కుదురుతుంది: 10 సెకన్లకు 3 ఆవర్తనాలు. అందరూ వాడే 120లో పెడితే 30 సెకన్లకు ఏడున్నర ఆవర్తనాలు వస్తాయి, సగంలో ఆగాలి. 128లో 30కి సరిపోతుంది గానీ 20కి, 10కి సరిపోదు. 6 దెబ్బల వరుస మీద ఊగే నడక కావాలంటే 108 పెట్టండి, 10 సెకన్లకు 3 వరుసలు వస్తాయి.

ఇప్పుడు 30 సెకన్లు, అంటే 6 ఆవర్తనాలు ఎలా పంచుకోవాలో చూద్దాం.

మొదటి ఆవర్తనం: గానుగ తిరిగే కిర్రుమనే చప్పుడు, దాని మీద వేణువు. పాడేవాళ్లెవరూ ఉండరు. అంతకుముందు మోగిన పాటకూ మీ ప్రకటనకూ తేడా తెలిసేది ఇక్కడే, అందుకే వాయిద్యాలు పోగేయొద్దు.
రెండోది: పేరు.
మూడు, నాలుగు: సరుకు గురించి రెండు చరణాలు.
ఐదు: మామూలు మాటలో చిరునామా, కింద సన్నగా సంగీతం.
ఆరు: మళ్లీ పేరు.

ఆరో ఆవర్తనంలో పేరు 12 మాత్రలకు, అంటే 28.75వ సెకనుకు ముగుస్తుంది. మిగిలిన సెకనుంపావు స్వరం గాల్లో కరిగిపోవడానికి ఉంచండి. చివరి అక్షరం సరిగ్గా 30 దగ్గర పెడితే స్టేషన్‌వాళ్ల తర్వాతి ప్రకటన దాన్ని మింగేస్తుంది. మింగేది మీ పేరునే.

20 సెకన్లకు మొదటి ఆవర్తనం, ఒక చరణం తీసేయండి. 10 సెకన్లకు పేరు, చిరునామా ఉంచితే చాలు.

4. చరణాలు రాయడం

ఒక్కో చరణానికి 16 మాత్రలే ఉన్నాయి. నాణ్యత, నమ్మకం, స్వచ్ఛత లాంటి మాటలు రాయాలనిపిస్తుంది. వద్దు. ఊళ్లో ప్రతి దుకాణమూ అవే చెబుతుంది. కంటికి కనిపించేవి రాయండి.

పల్లీ నువ్వులు కొబ్బరి కుసుమ
మీ కళ్ళెదుటే తీసిన నూనె

మొదటి చరణం లెక్క చూడండి: పల్లీ 4, నువ్వులు 4, కొబ్బరి 4, కుసుమ 3, ఒక మాత్ర విరామం. రెండోది: "మీ కళ్" 4, "ళ్ళెదుటే" 4, "తీసిన" 4, "నూనె" 3, ఒక మాత్ర విరామం. ఇందులో గొప్ప కవిత్వమేమీ లేదు. కానీ ఏం దొరుకుతుందో, మిగతావాళ్లకన్నా మీరు వేరుగా ఏం చేస్తారో పది సెకన్లలో తెలిసిపోయింది. కళ్లెదుట నూనె తీసి ఇవ్వడం నిజమైతేనే ఆ మాట రాయండి. పాటలో పెట్టినా అది ప్రకటనే, అబద్ధమైతే జవాబు చెప్పుకోవాలి.

ఫోన్ నంబరు పాడించమని చాలామంది పట్టుబడతారు. లెక్క వేసి చూపించండి. తెలుగు అంకెల్లో ఒకటి, రెండు, ఆరు లాంటివి 3 మాత్రలు, తొమ్మిది, ఎనిమిది, సున్నా లాంటివి 4. పది అంకెలకు 30 నుంచి 40 మాత్రలు, అంటే 9 నుంచి 12 సెకన్లకు పైగా. మీరు డబ్బు కట్టిన సమయంలో మూడో వంతు ఎవరూ గుర్తుపెట్టుకోని నంబరుకు పోతుంది. దానికి బదులు "పాత బస్టాండు ఎదురుగా" అనండి. పేరు గుర్తుంటే నంబరు ఫోన్లో వాళ్లే వెతుక్కుంటారు.

యాస విషయం. వరంగల్‌లో, కాకినాడలో, కడపలో ఒకే జింగిల్ వేయాలంటే పేరు, చరణాలు అందరికీ తెలిసిన మాటల్లో ఉంచి, ఐదో ఆవర్తనంలోని మాటను మాత్రం ఆ ప్రాంతం మనిషి చేత చెప్పించండి. వేరే ప్రాంతపు నటుడు యాసను అనుకరిస్తే అక్కడివాళ్లు మొదటి మాటకే పట్టేస్తారు, బాధపడతారు కూడా.

5. రాగం, వాయిద్యం

మోహన, హంసధ్వని ఎందుకు పదే పదే వినిపిస్తాయంటే రెండూ అయిదు స్వరాల రాగాలు. తప్పు పాడటం కష్టం, వెలుగు ఎక్కువ. మధ్యమావతికి మంగళప్రదమనే పేరుంది, నగల దుకాణానికో కల్యాణ మండపానికో బాగుంటుంది. శహన లాంటి రాగం ఎంత అందంగా ఉన్నా కరుణ వైపు లాగుతుంది కాబట్టి నూనె అమ్మడానికి నేను తీసుకోను.

వాయిద్యం రాగం కన్నా వేగంగా పనిచేస్తుంది. సన్నాయి, డోలు అర సెకను వినిపిస్తే చాలు, పెళ్లి కళ్లముందుకు వస్తుంది. డప్పు దెబ్బ పడితే ఊరు కదులుతుంది. అందువల్లే వీటిని ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు. ఆసుపత్రి ప్రకటనలో సన్నాయి పెట్టినా, పిల్లల పాల పొడికి డప్పు పెట్టినా వినేవాడి మనసు వేరే చోటికి పోతుంది. మన గానుగకు వేణువు, ఘటం, గానుగ చప్పుడు చాలు. ఆ చప్పుడును ఇంటర్నెట్ నుంచి దించుకోకండి. మీ గానుగ దగ్గరికే ఫోను తీసుకెళ్లి రికార్డు చేయండి. ఎద్దు గానుగ కిర్రు వేరు, మోటారు మీద తిరిగే చెక్క గానుగ శబ్దం వేరు. తెలిసినవాళ్లు తేడా పట్టేస్తారు.

బడ్జెట్ తక్కువైతే అన్నీ కీబోర్డు మీద లాగించేయకుండా ఒక్క వాయిద్యం మాత్రం మనిషి చేత వాయించుకోండి. వేణువు ఒక్కటి నిజమైనదైతే వెనక మిగతావి ప్రోగ్రామింగ్ చేసినా చెవి సర్దుకుంటుంది.

6. గొంతు, రికార్డింగ్ రోజు

పేరున్న గాయకుల కోసం డబ్బంతా పెట్టొద్దు. పలుకు స్పష్టంగా ఉన్నవాళ్లు కావాలి. పాడేవాళ్లకు పేరు ఒక్కటే ఇచ్చి పదిసార్లు పాడమనండి. "ళ"ను "ల"గా, "ణ"ను "న"గా పలికేవాళ్లు, హ్రస్వాలను లాగేవాళ్లు అక్కడే తెలిసిపోతారు. స్టూడియోలో గాజు గది అవతల కూర్చుని పెద్ద స్పీకర్లలో వింటుంటే అంతా అద్భుతంగా ఉంటుంది. మీరు కళ్లు మూసుకుని మాటలు మాత్రమే వినండి. అర్థం కాని అక్షరం ఒక్కటున్నా మళ్లీ పాడించమని మొహమాటం లేకుండా అడగండి. సౌండ్ ఇంజనీరుకు, మీకు పాట అప్పటికే కంఠతా వచ్చి ఉంటుంది, అందుకే పాట అసలు తెలియని మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్తే మంచిది. ఏం వినిపించిందో రాయమని వాళ్లకు కాగితం ఇవ్వండి.

పేరున్న గాయకుడి గొంతును మిమిక్రీతోనో ఏఐతోనో పుట్టించే ఆలోచన వద్దు. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించడాన్ని అడ్డుకుంటూ బొంబాయి హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర, అనుమతి లేకుండా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఒక తెలుగు సినిమాలో ఏఐతో వినిపించారని ఆయన కుమారుడు లీగల్ నోటీసు పంపారు. నూనె ప్రకటన కోసం బాలుగారి గొంతును ఎత్తుకొచ్చుకోవడం చట్టం సంగతి అటుంచి మర్యాద కూడా కాదు.

రికార్డింగ్ అయ్యాక మిక్స్‌లో, అంటే గొంతునూ వాయిద్యాలనూ కలిపేటప్పుడు, అడగాల్సినవి కొన్నే. మాట వచ్చినప్పుడు సంగీతం తగ్గాలి, గొంతును సంగీతం కప్పకూడదు. మోనోలో ఒకసారి వినిపించమనండి, ఎందుకంటే మైకు ఆటో మీది హారన్ స్పీకర్‌లోనూ చాలా చిన్న ఫోన్లలోనూ ఎడమ, కుడి అనే తేడా ఉండదు. ఆ హారన్‌లో లోతైన బేస్ అసలు పలకదు. మీ పాట బలమంతా బేస్ మీదే ఆధారపడితే వీధిలో ఏమీ మిగలదు. చప్పుడు పెంచేస్తే జనం వింటారనుకోవడం కూడా పొరపాటే. యూట్యూబ్ బాగా గట్టిగా ఉన్న శబ్దాన్ని తనే తగ్గించేస్తుంది. ఇక టీవీలో, కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకటనల నియమావళిలోనే శబ్దం మితిమీరకూడదని రాసి ఉంది. ఒక్కో చోటికి ఒక్కో స్థాయి కావాలి, స్టేషన్‌ను అడిగి ఆ ప్రకారం ఫైల్ చేయించుకోండి.

ఫైళ్లు తీసుకునేటప్పుడు ఎంపీ3 ఒక్కటి పట్టుకుని ఇంటికి రాకండి. పూర్తి పాట, గొంతు లేని పాట, గొంతు మాత్రమే, పేరు ఉన్న 5 సెకన్ల ముక్క, ఒక్కో వాయిద్యం విడివిడిగా, అన్నీ వేవ్ ఫైళ్లలో హార్డ్ డిస్కులో వేయించుకోండి. రెండేళ్ల తర్వాత పండగ వెర్షన్ కావాలన్నప్పుడు వీటి విలువ తెలుస్తుంది.

7. హక్కులు, కాగితాలు

ఈ భాగం ఎంత విసుగ్గా ఉన్నా వదలొద్దు.

సినిమా పాటలో కనీసం రెండు రకాల హక్కులుంటాయి. సాహిత్యం, బాణీల మీద ఒకటి, రికార్డింగ్ మీద ఇంకొకటి. రెండోది సాధారణంగా ఆడియో కంపెనీది. "మేమే మళ్లీ పాడించుకున్నాం, ఇక ఇబ్బంది లేదు" అంటారు కొందరు. అలా చేస్తే రికార్డింగ్ హక్కు సమస్య తప్పుతుంది గానీ బాణీ, సాహిత్యం హక్కులు అలాగే ఉంటాయి. మాటలు మార్చి పేరడీ చేసినా బాణీ బాణీయే. "ఎఫ్‌ఎం స్టేషన్‌కు లైసెన్సు ఉంది కదా" అనేది ఇంకో అపోహ. స్టేషన్ లైసెన్సు పాట ప్రసారానికి. దాన్ని మీ సరుకుకు జోడించడానికి విడిగా అనుమతి కావాలి.

ఇన్‌స్టాగ్రామ్‌లో వినిపించే పాటలన్నీ దుకాణం రీల్‌కు పెట్టుకోవచ్చనుకోవడం కూడా ప్రమాదమే. వ్యక్తిగత వాడకానికి ఇచ్చిన పాటలు వ్యాపారానికి చెల్లవు. వ్యాపారాలకని ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా కంపెనీ విడిగా ఒక సౌండ్ కలెక్షన్ ఇస్తుంది, అందులోంచి తీసుకోండి. రాయల్టీ ఫ్రీ సంగీతం (వాడిన ప్రతిసారీ డబ్బు కట్టక్కర్లేనిది) కొనుక్కుంటే చట్టరీత్యా ఇబ్బంది ఉండదు, కానీ అదే ముక్క పక్క వీధి దుకాణం కూడా కొనుక్కోవచ్చు. ఏఐ యాప్‌లో పాట చేయించుకుంటే షరతులు చదవండి. కొన్నిటి ఉచిత ప్లాన్‌లో వ్యాపారానికి వాడే అనుమతి ఉండదు.

పాత కీర్తనల సంగతి కొంచెం లోతుగా చూడాలి. మన చట్టంలో సాహిత్య, సంగీత రచనలకు హక్కు రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు కాబట్టి ఆయన కృతుల మీద కాపీరైట్ లేదు. మొజార్ట్‌కూ లేదు. అన్నమయ్య సంకీర్తనల మాటలకూ లేదు. కానీ ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అలా బాణీలు కట్టినవారిలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో కన్నుమూశారు. ఆయన స్వరపరచిన బాణీలకు 60 ఏళ్ల లెక్క 2039 చివరి దాకా నడుస్తుంది. ఇక ఏ గాయకుడి రికార్డింగ్ తీసుకున్నా దాని హక్కు దానిదే. నన్నడిగితే, హక్కు లేకపోయినా భక్తి సంకీర్తనను సరుకు అమ్మడానికి వాడేముందు పదిసార్లు ఆలోచించాలి. ఆ పాటతో రోజు మొదలుపెట్టేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు.

సొంత జింగిల్ అయితే ఈ తలనొప్పులు ఉండవు, కానీ డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు మీదైపోయిందని ఊరుకోకండి. రాతపూర్వక ఒప్పందం మీద సంతకం ఉండాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదలాయింపు ఎంత కాలానికో రాయకపోతే అది 5 ఏళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. విడిగా రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడని హక్కు తిరిగి వెళ్లిపోతుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో తెలుగువాళ్ల కిరాణా కొట్లకు మీ నూనె పంపాలనే ఆలోచన ఉంటే, ప్రపంచమంతటికీ అని ముందే రాయించుకోండి. బాణీ కట్టినవారు, రాసినవారు, పాడినవారు, వాయించినవారు, అందరితోనూ విడివిడిగా సంతకాలు తీసుకోండి. ఎక్కడెక్కడ వాడతారో, ఎన్నేళ్లో, ఎంత డబ్బో, మార్చుకునే హక్కు ఉందో లేదో స్పష్టంగా ఉండాలి. ఒకసారి లాయరుకు చూపించండి. కళాకారులకు కూడా ఇది రక్షణే. ఏం ఇచ్చారో, ఏం ఇవ్వలేదో వాళ్లకూ కాగితం మీద ఉంటుంది.

వ్యాపారం పెరిగి ముద్ర స్వరం అందరికీ తెలిసిపోయాక దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవచ్చు. 2008లో యాహూ కంపెనీ కూత మన దేశంలో నమోదైన మొదటి శబ్ద ట్రేడ్‌మార్కు. 2017 నిబంధనల ప్రకారం 30 సెకన్లు దాటని ఎంపీ3, దాంతో పాటు స్వరలిపి ఇవ్వాలి. పైన రాసుకున్న గ, ప, ధలు అక్కడ పనికొస్తాయి.

8. బయటికి వదిలే ముందు, వదిలిన తర్వాత

దుకాణానికి సంబంధం లేని అయిదారుగురికి ఒక్కసారి వినిపించండి. బాగుందా అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. మర్నాడు ఫోన్ చేసి "నిన్న విన్న దుకాణం పేరేమిటి?" అని అడగండి. బాణీ గుర్తుండి పేరు గుర్తులేకపోతే రెండో మెట్టుకు తిరిగి వెళ్లాలి. పేరు మీద బాణీ సరిగా కూర్చోలేదన్నమాట. పేరు గుర్తుండి ఏం అమ్ముతారో తెలియకపోతే చరణాలు మార్చండి.

తర్వాత రోడ్డు మీద ఆటోలో, కుక్కర్ కూస్తున్న వంటింట్లో, స్కూటర్ మెకానిక్ షెడ్డులో మోగించి చూడండి. మాట వినిపించని చోట గొంతు పెంచాలి, లేదా వెనక ఒక వాయిద్యం తీసేయాలి. తీసేయడమే చాలాసార్లు సరైన మందు.

వదిలాక మీకు విసుగొస్తుంది. రోజుకు ఇరవైసార్లు వింటారు కాబట్టి మూడు నెలలకే మార్చాలనిపిస్తుంది. జనానికి అప్పుడప్పుడే అలవాటవుతూ ఉంటుంది, కాబట్టి మార్చకండి. టైటాన్ ఆ సింఫనీని వదిలిపెట్టలేదు. ఎయిర్‌టెల్ కోసం 2002లో ఏఆర్ రెహమాన్ కట్టిన బాణీ కూడా ఎన్నో ప్రకటనల్లో కొత్త కొత్త వాయిద్యాలతో తిరిగొచ్చింది. మీరూ బాణీని ఉంచి దుస్తులు మార్చండి. సంక్రాంతికి గంగిరెద్దుల సన్నాయి మీద అవే స్వరాలు, బతుకమ్మ రోజుల్లో చప్పట్ల మీద అదే పేరు, ఎండాకాలం ఆవకాయ పెట్టే వేళకు నువ్వుల నూనె చరణం ఒక్కటే కొత్తది. ప్రతి వెర్షన్‌లో చివరి 5 సెకన్లు మాత్రం అక్షరం మారకూడదు.

కౌంటర్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, కొత్తగా వచ్చినవాళ్లను మా గురించి ఎలా తెలిసిందని అడిగి రాసుకోండి. రేడియో అన్నవాళ్లను ఏ టైములో విన్నారో కూడా అడగండి. తర్వాతి నెల స్లాట్లు కొనేటప్పుడు స్టేషన్‌వాళ్ల చార్టుతో పాటు ఆ పుస్తకాన్ని కూడా ముందు పెట్టుకుని బేరమాడండి.